కొత్త షాకులు వేసినా బండి ముక్కు ఎందుకు లేవదు?

[ఉదయం ఆరు గంటలు. వనస్థలిపురంలో ఇంటి పార్కింగ్. పికప్ ముందు భాగం, కెమెరా నేలకు దగ్గరగా.]

నమస్తే. ఈ బంపర్ కుడి మూల చూడండి. కొంచెం కిందికి వాలింది. 1,20,000 కిలోమీటర్లు తిరిగిన డబుల్ క్యాబ్ పికప్ ఇది. స్పీడ్ బ్రేకర్ దిగాక ముక్కు రెండు మూడు సార్లు ఊగుతోంది, బ్రేకు కొడితే ముందుకు వంగుతోంది. ఎడమ షాకు, అంటే షాక్ అబ్సార్బర్, మీద నూనె కారి, దుమ్ము పట్టి నల్లగా పేరుకుంది. టైరు అంచు మీద అరచెయ్యి పెట్టి నిమిరితే గుంటలు గుంటలుగా తగులుతోంది. షాకులు అయిపోయాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

"షాకులు మారిస్తే ముక్కు లేస్తుంది అన్నా" అని చాలామంది చెప్తారు. లేవదు. ఈ ఒక్క మాట తెలియక డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు, అందుకే ఈ వీడియో.

[టేబుల్ మీద పాత షాకు, పక్కన కాయిల్ స్ప్రింగ్.]

బండి బరువు మోసేది ఈ స్ప్రింగు. షాకు పని వేరే. లోపల నూనె ఉంటుంది, సన్నటి రంధ్రాల్లోంచి ఆ నూనె అటూ ఇటూ వెళ్ళాలి. ఆ వెళ్ళడానికి పట్టే బలమే స్ప్రింగు ఊపును ఆపుతుంది. షాకు కొత్తదైతే ఊపు తగ్గుతుంది. ఎత్తు మాత్రం స్ప్రింగుదే. గ్యాస్ షాకు వేస్తే కొద్దిగా తేడా రావచ్చు, కుంగిన స్ప్రింగును అది నిలబెట్టదు.

ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి పికప్‌లలో ముందు ఒక్కో చక్రాన్ని చాసీకి కలిపే రెండు ఆర్ములు (పైది, కిందిది), మధ్యలో షాకు, దాని చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉంటాయి. వెనక కమాన్ పట్టీలు. ఈ వీడియోలో చెప్పేదంతా ఆ అమరిక గురించే. ముందు కూడా కమాన్ పట్టీలే ఉన్న బండికి పని వేరు.

[నేల మీద నీళ్ళు నింపిన పారదర్శక పైపు.]

ముందు కొలతలు. అంతకంటే ముందు నేల. మన పార్కింగులన్నీ వాన నీళ్ళు పోవడానికి వాలుగానే పోస్తారు. వాలు నేల మీద బండి కొలిస్తే ఆ లెక్క తప్పు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చాను. పైపు రెండు కొసలూ రెండు చక్రాల దగ్గర పట్టుకుంటే నీళ్ళు నిజం చెప్తాయి. ఇక్కడ కుడి పక్క నేలే 8 మిల్లీమీటర్లు దిగువన ఉంది. ఆ చక్రం కింద అంత మందం ప్లైవుడ్ ముక్క పెట్టాను.

టేపు నేల నుంచి పట్టొద్దు, టైరులో గాలి తగ్గితే కొలత మారిపోతుంది. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. నాలుగు చక్రాలకూ కొలిచి కాగితం మీద రాసుకోండి. మా బండికి ముందు కుడి, ఎడమకంటే 14 మిల్లీమీటర్లు కింద ఉంది. ముందుకంటే వెనక దాదాపు 2 అంగుళాలు ఎత్తు.

కుడి పక్క వాలిందని వెంటనే ముందు స్ప్రింగు మీద నేరం మోపకండి. వెనక కమాన్ పట్టీ ఒకటి కుంగినా బండి అటే వాలుతుంది. తేల్చుకోవడానికి తేలిక దారి ఉంది. ముందు చక్రాలకు గట్టిగా అడ్డాలు పెట్టండి. వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద, సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి, రెండు చక్రాలూ నేల వదిలేంతే లేపండి. బండి కిందికి దూరొద్దు. ఇప్పుడు బండి కుడి ఎడమల్ని నిలబెడుతున్నది ముందు స్ప్రింగులే. వాలు పోతే తప్పు వెనకది, అలాగే ఉంటే ముందుది. మాది అలాగే ఉంది. ముందు స్ప్రింగే.

[కెమెరా నా వైపు.]

ఇక వెనక 2 అంగుళాలు ఎత్తుగా ఉండటం. దీన్నీ సమం చేయమని, ముందు షాకుల పైన స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, వేయమని చాలామంది అడుగుతున్నారు. నేను వేయను. ఆ ఎత్తు కంపెనీవాళ్ళు కావాలని ఇచ్చింది. వెనక లోడు పడగానే పట్టీలు కుంగి బండి సమం అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే సమం చేస్తే, లోడు వేసిన రోజు ముక్కు ఆకాశం వైపు, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలోకి. పైగా షాకు లోయర్ ఆర్మ్ (కింది ఆర్మ్) మధ్యలో కూర్చుంటుంది కాబట్టి, పైన అంగుళం స్పేసర్ వేస్తే చక్రం దగ్గర సుమారు 2 అంగుళాలు లేస్తుంది. అప్పుడు పై ఆర్మ్ కొసను చక్రం వైపు కలిపే బాల్ జాయింట్, ఫోర్ బై ఫోర్ అయితే ముందు యాక్సిల్ జాయింట్లు కూడా ఎప్పుడూ వంకరగానే పనిచేయాలి. చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ కూడా బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు.

నేను సమం చేసేది కుడి ఎడమల్ని. కంపెనీ ఎత్తున్న కొత్త స్ప్రింగులు రెండు, షాకులు రెండు, పై మౌంటు రబ్బర్లు. రాణిగంజ్‌లో తీసుకున్నాను. ఒక్క పక్కే మార్చొద్దు. కొత్తదీ పాతదీ కలిస్తే బండి మలుపులో ఒకలా, బ్రేకులో ఒకలా ఉంటుంది.

[చక్రం దగ్గర. మా బామ్మర్ది పాన అందిస్తున్నాడు.]

బోల్టులకు తుప్పు వదిలే నూనె రాత్రే కొట్టి ఉంచాం. వెనక చక్రాలకు అడ్డాలు, బండి గేరులో, హ్యాండ్ బ్రేక్ వేసి. చక్రం ఆరు నట్లూ బండి నేల మీద ఉండగానే సగం తిప్పి వదులు చేయండి. తర్వాత జాకీ, చాసీ కింద స్టాండ్లు. విప్పిన చక్రాన్ని చాసీ కింద పడుకోబెట్టండి. స్టాండ్ జారినా బండి మీ మీద పడదు. ఉత్త జాకీ మీద ఉన్న బండి కింద మా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టరు, మీరూ పెట్టకండి.

స్టెబిలైజర్ లింకు (మలుపులో బండి ఒరగకుండా ఆపే రాడ్డును కలిపేది), ఏబీఎస్ వైరు క్లిప్పు, బ్రేకు పైపు క్లిప్పు విప్పండి. పై ఆర్మ్ బాల్ జాయింట్ ఊడదీసి, కింద షాకు బోల్టు లాగండి. చక్రం బిగించే నకిల్ బయటికి ఒరుగుతుంది, దాన్ని బ్రేకు పైపు మీద వేలాడనివ్వకుండా తాడుతో కట్టేయండి.

[దగ్గరి షాట్: పైన మూడు నట్లు, మధ్యలో ఒకటి.]

ఇక్కడ ఆగండి. పైన చుట్టూ మూడు నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తున్నాయి కదా. విప్పాల్సింది ఆ మూడే. మధ్య నట్టు జోలికి పోవద్దు. కొన్ని వందల కిలోల బలంతో అణిగి ఉన్న స్ప్రింగును పట్టుకుని ఉన్నది ఆ ఒక్క నట్టే. అది ఊడితే స్ప్రింగు తుపాకీ గుండులా వస్తుంది.

"బావా, స్ప్రింగు నొక్కే క్లాంపులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా, మనమే చేద్దాం" అన్నాడు మా బామ్మర్ది. వద్దన్నాను. పనంతా ఇంట్లో చేసుకోండి, ఇదొక్కటి మాత్రం వద్దు. షాకూ స్ప్రింగూ కలిసి ఊడొచ్చిన రెండు సెట్లూ, కొత్తవి వేయించడానికి, ఆటోనగర్‌లో గోడకు బిగించిన ప్రెస్ ఉన్న షాపుకు తీసుకెళ్ళాం. వెళ్ళే ముందు పై మౌంటు మీదా, కింద షాకు కన్ను (బోల్టు దూరే రింగు) మీదా తెల్ల పెయింటుతో గీత పెట్టాం. ఆ కోణం మారితే తిరిగి వచ్చాక బోల్టు రంధ్రాలు కలవవు.

కొత్త షాకు బిగించే ముందు నిటారుగా నిలబెట్టి, మెల్లగా నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి వదలండి. షాపులో పడుకోబెట్టి ఉంచడం వల్ల లోపల నూనెలో చేరిన గాలి పైకి పోతుంది. మెరిసే రాడ్డును కటింగ్ ప్లేయరుతో పట్టుకోవద్దు. సన్న గీత పడినా సీలు కోసుకుపోయి నూనె కారుతుంది.

[బండి కింద, నేల మీద పడుకుని.]

తిరిగి బిగించడం విప్పినదానికి ఉల్టా. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. షాకు కింది బోల్టు, వదులు చేసి ఉంటే లోయర్ ఆర్మ్ బోల్టులు కూడా, బండి గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించొద్దు. వాటి లోపల రబ్బరు బుష్, అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం, ఉంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దిగగానే ఆ రబ్బరు మెలి తిరుగుతుంది, మెలి తిరిగే ఉంటుంది. నాలుగేళ్ళ కింద ఒక షాపులో నా బండికి ఇలాగే బిగించారు. ఏడాది తిరక్కుండా బుష్ చీలింది, ప్రతి గుంతకూ టక్ టక్ మని చప్పుడు. అందుకే బండి దించి, చక్రాల మీద బరువు పడ్డాక, కిందికి దూరి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానతో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న లెక్కకు బిగించండి. పికప్ కింద మనిషికి జాగా చాలు.

జాకీ దించగానే టేపు పట్టకండి. టైర్లు నేలను పట్టుకుని బండిని పైనే ఆపుతాయి. గల్లీ చివరి దాకా వెళ్ళి రండి, బ్రేకు రెండు సార్లు కొట్టండి.

[లెవెల్ పైపు, ప్లైవుడ్ ముక్క, టేపు.]

అదే చోటు, అదే ప్లైవుడ్ ముక్క. కుడి ఎడమల తేడా ఇప్పుడు 3 మిల్లీమీటర్లు. పొద్దున 14. ముందు రెండు పక్కలా కొంచెం లేచింది. వెనక ఇంకా ఎత్తుగానే ఉంది, దాన్నలాగే వదిలేస్తున్నాను.

ఈరోజే వీల్ అలైన్‌మెంట్ చేయిస్తాను. ఎత్తు మారిందంటే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం) రెండూ మారినట్టే, వదిలేస్తే కొత్త టైర్లు కూడా ఒక అంచు అరిగిపోతాయి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు, షాకు బోల్టులు మళ్ళీ ఒకసారి పాన పెట్టి చూస్తాను.

[రాత్రి. కాంపౌండ్ గోడ మీద హెడ్‌లైట్ల వెలుగు.]

ముక్కు లేచింది కాబట్టి లైట్లు కూడా లేచాయి. పనికి ముందు గోడ మీద సుద్దతో గీసిన గీత ఇది, వెలుగు దాని పైకి పోయింది. హెడ్‌లైట్ వెనక స్క్రూ తిప్పి కిందికి తెస్తున్నాను. ఇంకొంచెం... ఆ, గీత మీదికి వచ్చింది.