టిన్యానెల్లోలోంచి తెల్ల ద్రాక్ష ఎందుకు పోయింది

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క రెడ్ వైన్ గురించి మాట్లాడతాను. దాని పేరు టిన్యానెల్లో. పుట్టిల్లు ఇటలీలో ఫ్లోరెన్స్‌కు దక్షిణాన ఉన్న కియాంతి క్లాసికో కొండలు. చేసేది ఆంతినోరి కుటుంబం. వాళ్ల పూర్వీకుడు జొవాన్ని ది పియెరో 1385లో ఫ్లోరెన్స్ వైన్ వర్తకుల సంఘంలో చేరాడు. అప్పటి నుంచి 26 తరాలుగా ఆ ఇంటివాళ్లది ఇదే పని.

ఇంత పాత ఇల్లు పాత పద్ధతినే పట్టుకుని ఉంటుందని అనుకుంటాం. కానీ నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది పద్ధతి మార్చినందుకే.

1967 నాటి నియమాల ప్రకారం సీసా మీద కియాంతి అని ఆ ప్రాంతం పేరు పెట్టాలంటే ఎర్ర వైన్‌లో కనీసం 10 శాతం తెల్ల ద్రాక్ష కలపాలి. అక్కడి అసలు పంట సాంజొవేజె అనే నల్ల ద్రాక్ష. మంచి పులుపు, గట్టి వగరు దాని సొత్తు. అందులో తెల్ల ద్రాక్ష పడితే వైన్ తేలికవుతుంది, తొందరగా తాగడానికి బాగుంటుంది. ఏళ్ల తరబడి నిలవ ఉంచాలంటే మాత్రం ఆ బలం చాలదు.

పియెరో ఆంతినోరి, ఆయన దగ్గర వైన్ నిపుణుడిగా ఉన్న జాకొమో టాకిస్ దీన్ని ఒప్పుకోలేదు. 1970లో టిన్యానెల్లో అనే తమ తోట ద్రాక్షతో చేసిన వైన్ కియాంతి పేరుతోనే వచ్చింది. మరుసటి ఏడాది పంటకు ఆ పేరు వదిలేసి, తోట పేరే పెట్టారు. వైన్‌ను చిన్న ఓక్ పీపాల్లో ఉంచారు. 1975కల్లా తెల్ల ద్రాక్షను పూర్తిగా తీసేశారు. ఫలితం? చట్టం లెక్కలో అది అన్నిటికంటే కింది తరగతి, 'టేబుల్ వైన్'. ఆరు వందల ఏళ్లకు దగ్గరపడ్డ ఇల్లు తన మంచి సీసా మీద ఆ మాట అచ్చు వేయించుకుంది! ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

1982 నుంచి పాళ్లు దాదాపు ఒకటే: సాంజొవేజె 80 శాతం, కాబెర్నే సొవిన్యోన్ 15, కాబెర్నే ఫ్రాంక్ 5. ఈ రెండు కాబెర్నేలూ నల్ల ద్రాక్ష రకాలే. కాబెర్నే రంగునూ ఒడ్డూపొడుగునూ ఇస్తుంది, పెత్తనం మాత్రం సాంజొవేజెదే.

తోట గురించి ఒక్క మాట చెప్పాలి. 57 హెక్టార్లు, సముద్రమట్టానికి 350 నుంచి 400 మీటర్ల ఎత్తు. నేలలోంచి తీసిన తెల్లటి సున్నపురాళ్లను పిండి కొట్టి, తీగల మొదళ్ల దగ్గర పరుస్తారు. ఎండ ఆ రాళ్ల మీద పడి, కింది నుంచి గుత్తుల మీదికి తిరిగి కొడుతుంది. పైన ఆకులు నీడపట్టినా కింది వైపు కాయకు వెలుతురు అందుతుంది. రైతు బుర్ర అంటే ఇదీ.

చట్టం ఆలస్యంగా దారికొచ్చింది. 2006 పంట నుంచి కియాంతి క్లాసికోలో తెల్ల ద్రాక్ష కలపడమే నిషేధం. టిన్యానెల్లో సీసా మీద మాత్రం ఇప్పటికీ 'తొస్కానా' అని, అంటే ఆ కొండలున్న పెద్ద ప్రాంతం పేరే ఉంటుంది, కియాంతి అని ఉండదు.