నేల మట్టం దగ్గర జానెడు

పందిళ్ల మీద కూరగాయలు పండించే రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నా చిన్నప్పుడు మా పెరట్లో దొండ పందిరి ఉండేది. వానాకాలంలో ఒక రాత్రి గాలి కొడితే కాపు మీదున్న పందిరి మొత్తం ఒరిగిపోయింది. తెల్లారి నాన్నతో వెళ్లి చూశాను. పడిపోయిన సరుగుడు రాటలు పైన గట్టిగానే ఉన్నాయి. గుంటలో మిగిలిన మొదళ్లను గడ్డపారతో పెకలిస్తే, అడుగున అవీ గట్టిగానే ఉన్నాయి. విరిగింది సరిగ్గా నేల మట్టం దగ్గర, జానెడు మేర. అక్కడ కర్ర వేలితో గిల్లితే పొడిపొడిగా రాలింది.

అక్కడే ఎందుకు పుచ్చింది? కర్రను తినే బూజుకు తడి, గాలి రెండూ కావాలి. పైన గాలికి కొదవ లేదు కానీ తడి నిలవదు. లోతున తడి ఉంటుంది కానీ గాలి చాలదు. రెండూ కలిసేది ఆ జానెడు చోటులోనే. చెద కూడా నేలలోంచి ఆ దారినే ఎక్కుతుంది. అందుకే రాట ఆయుష్షు గురించి మాట్లాడేటప్పుడు నేను ఆ జానెడు గురించే మాట్లాడతాను.

మనవాళ్లు మొదలుకు తారు పూస్తారు, వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు, కొందరు కొన కాల్చి పాతుతారు. మా నాన్నా కాల్చేవాడు. కానీ ఆ పూతైనా, ఆ మసైనా పైపొరే. ఎండకు కర్ర నెర్రె విచ్చితే ఆ సందులోంచి తడి నేరుగా లోపలికి దిగుతుంది. మందు కర్ర లోపలికి ఎక్కాలి. ఎక్కాక వానకు కడుక్కుపోకూడదు. ఈ రెండో చిక్కు విప్పింది మన తెలుగు పేరున్న మనిషే.

డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంఠి కామేశం గారు 1933లో రాగి, ఆర్సెనిక్, క్రోమియం కలిపి ఒక మందు చేశారు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదను ఆపుతుంది. క్రోమియం ఆ రెంటినీ కర్ర నారకు అంటిపెడుతుంది. దాన్నే సీసీఏ అంటున్నారు. లోకమంతా కోట్ల కరెంటు స్తంభాలు, కంచె గుంజలు ఆ మందుతో నిలబడ్డాయి. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో కనబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అమెరికాలోని మిసిసిపీలో, మన కోస్తాలాగే ఉక్క, వాన, చెద ఉన్న చోట, 1949లో పైన్ గుంజలు పాతి చూశారు. మందు లేనివి సగటున రెండున్నరేళ్లకే పోయాయి. సీసీఏ ఎక్కినవి యాభై ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాయి.

అలాగని ఈ మందు రంగుతో ఆకుపచ్చగా కనబడిన ప్రతి కర్రా యాభై ఏళ్లు ఉంటుందనుకోకండి. పచ్చి కర్రలో నీరు నిండి ఉంటే మందుకు చోటుండదు. ముందు ఆరబెట్టాలి. తర్వాత ఇనుప సిలిండర్‌లో పెట్టి, లోపలి గాలి లాగేసి, ఒత్తిడితో మందు ఎక్కించాలి. తొట్టిలో ముంచి తీసినదానికీ దీనికీ పోలికే లేదు. చేవలోకి మందు ఎక్కదు, దాని చుట్టూ ఉన్న తెల్ల చెక్కలోకే ఎక్కుతుంది. కాబట్టి పలకలుగా కోసినదానికన్నా గుండ్రటి బాదే మేలు. కొనేముందు ఒక బాదును నడుమ కోయించి చూడండి. కొసల్లో మందు ఎటూ ఎక్కువే ఎక్కుతుంది, నడుమ చూస్తేనే నిజం తెలుస్తుంది. రంగు అంచున గీతలా ఉంటే వద్దని చెప్పండి.

ఇంటికి తెచ్చాక పొడవు ఎక్కువైందని కోస్తే, కోసిన కొస పైకే ఉండాలి, గుంటలోకి వెళ్లకూడదు. గుంట అడుగున కంకర వేయండి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే, నేల పైకి వచ్చేదాకా పోసి వాలు పెట్టండి. లేకపోతే అది నీళ్లు పట్టే గిన్నె అవుతుంది.

ఇంకొక్క మాట. ఆర్సెనిక్ విషం. అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల పనులకు వాడే కర్రకు సీసీఏ ఎక్కించడం చాలావరకు ఆపేశారు. కూరగాయల మళ్లలోనైతే ఆర్సెనిక్ లేని రాగి మందే అడగమంటాను. బోరాన్ కలిసిన రకంలో బోరాన్ కొంత కడుక్కుపోతుంది, ఆయుష్షు కొంత తగ్గుతుంది. అయినా నేను అదే ఎంచుకుంటాను. మీ దగ్గర ఇప్పటికే సీసీఏ గుంజలు ఉంటే, పాతబడి తీసేసినవి కట్టెల కుప్పలో కలవనివ్వకండి. పొయ్యిలో పెడితే పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమకండి, చెట్ల మొదళ్లలో వేయకండి. ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్లకు ఈ సంగతి ఈ రాత్రే చెప్పండి.