చివరి నాలుగు నిమిషాల్లో కబడ్డీ మ్యాచ్ ఎందుకు చేజారుతుంది?

[తెర మీద: స్కోరు 28–24. మిగిలిన సమయం 4:00]

నాలుగు పాయింట్లు ముందున్నాం, ఆట ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. సంక్రాంతికి రాజాం, చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో కబడ్డీ చూసేవాళ్ళకి తెలుసు, ఇలాంటి మ్యాచ్‌లు ఎన్ని పోతాయో. ఓడాక అందరూ "స్టామినా లేదు" అంటారు. అదీ కొంత నిజమే. కానీ ముందు గడియారం లెక్క చూడండి.

ఒక కూతకి, అంటే ఒక రైడ్‌కి, గరిష్ఠంగా 30 సెకన్లు. వెనకబడ్డవాళ్ళు తొందరలో ఉంటారు కాబట్టి 15 సెకన్లలో తేల్చుకుని పోతారనుకుందాం. మన రైడర్ 10 సెకన్లకే తిరిగొచ్చేస్తే, 240 సెకన్లలో వాళ్ళకి తొమ్మిది పది కూతలు దొరుకుతాయి. మనవాడు 28 సెకన్లు ఉంటే ఐదారే. అంటే నాలుగు కూతలు మనమే చేతికిచ్చాం!

అలాగని మధ్య గీత దగ్గరే తిరిగితే కుదరదు.

[తెర మీద: రైడర్ పాదాలు, బాగా దగ్గర నుంచి]

పురుషుల కోర్టులో మధ్య గీతకి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. ఎవరినీ తాకకపోతే దాన్ని ఒక్కసారైనా దాటాలి, లేదంటే ఔట్. ముందు కాలు గీత అవతల ఆనినప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి. అలసిన రైడర్ ఆ వెనక కాలిని ఈడుస్తాడు, బొటనవేలు మట్టిని గీరుతుంది. అందుకే మొదటి పది సెకన్లలోనే, ఊపిరి నిండుగా ఉండగా, గీత దాటేయాలి. సమయం తినడం ఆ తర్వాతి పని.

పోటీలో డూ ఆర్ డై నిబంధన ఉందో లేదో ముందే నిర్వాహకుల్ని అడగండి. ఉంటే, వరసగా రెండు కూతలు ఖాళీగా పోయాక మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేకపోతే రైడర్ ఔట్. ఆ మూడో కూతకి పొద్దున్నుంచీ ఆడుతున్న మెయిన్ రైడర్‌ని కాక, కాళ్ళు తేలిగ్గా ఉన్నవాణ్ణి పంపడం మేలు.

అసలు నష్టం మాత్రం పట్టులో జరుగుతుంది. వాళ్ళ మొదటి కూతకే మన కార్నర్, అంటే చివర నిలబడే ఆటగాడు, రైడర్ చీలమండ మీద పడతాడు. పట్టు జారుతుంది. సాయానికొచ్చిన కవర్ (కార్నర్‌కీ మధ్యవాడికీ నడుమ నిలబడేవాడు), పక్కవాడు కూడా రైడర్‌కి తగులుతారు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ అతని చెయ్యి మధ్య గీత దాటుతుంది. మూడు పాయింట్లు! 28–24 కాస్తా 28–27. డూ ఆర్ డై వాళ్ళకీ ఉందిగా, రెండు కూతలు ఖాళీగా పోనివ్వండి, మూడోదానికి పట్టండి. కోర్టులో మనం ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ గీత (రైడర్ దాటితే అదనపు పాయింటు వచ్చేది) మీద ఒక కన్నుండాలి. ఐదుగురికి తగ్గితే ఆ బెంగ లేదు.

ఇంకొకటి, లోనా ఆశ, అంటే అవతలి జట్టు మొత్తాన్నీ ఔట్ చేసి అదనపు పాయింట్లు తెచ్చుకోవాలన్న ఆశ. అవతల ముగ్గురో ఇద్దరో మిగిలినప్పుడు మన రైడర్ దొరికితే అది సూపర్ టాకిల్, వాళ్ళకి రెండు పాయింట్లు. ముందంజలో ఉండి, రెండు నిమిషాలే మిగిలినప్పుడు లోతుకి పోనవసరం లేదు.

ఒక్కో అర్ధభాగంలో రెండు టైమౌట్లు, ఒక్కొక్కటి 30 సెకన్లు. ఒకటి చివరికి దాచండి. ఔటైనవాడి బదులు సబ్‌స్టిట్యూట్‌ని దించడానికి లేదు. కార్నర్ కాళ్ళు లాగుతున్నాయనిపిస్తే అతను కోర్టులో ఉండగానే మార్చాలి.

[తెర మీద: సాధన కోర్టు]

సాధనలో బోర్డు మీద 28–24, 4:00 పెట్టండి. మనవాళ్ళు ఐదుగురు, అవతల ఏడుగురు. ఇది సాధన చివర్లో, కాళ్ళు బరువెక్కాకే ఆడించాలి. గీత పక్కన ఒకరు 20, 25, 28 అని అరవాలి. 28 వినగానే రైడర్ వెనక్కొచ్చేయాలి. రెండో వారం నుంచి ఆ అరుపు ఆపేయండి, సెకన్లు రైడరే తన కూతలో లెక్కపెట్టుకోవాలి.