పొరుగు దేశాల మీద పీహెచ్‌డీలు... ఎవరి డబ్బుతో?

(2024 ఆగస్టు, రాత్రి తొమ్మిది గంటల చర్చ. ప్రకటనలు తీసేశాను. మాట మీద మాట పడిన చోట వినబడినంతవరకే రాశాను.)

యాంకర్: నమస్కారం. ఢిల్లీలో సౌత్ ఏషియన్ యూనివర్సిటీ ఉంది. సార్క్, అంటే దక్షిణాసియా దేశాల సంఘం. ఆ దేశాల పిల్లలు కలిసి చదువుకోవాలని పెట్టారు. కశ్మీర్ మీద ఒక పీహెచ్‌డీ ప్రతిపాదనలో, మన ప్రధానిని విమర్శిస్తూ అమెరికా మేధావి నోమ్ చామ్‌స్కీ అన్న మాటలు చేర్చారని గొడవ. నోటీసులు వెళ్ళాయని, గైడ్‌గా ఉన్న శ్రీలంక ప్రొఫెసర్ తప్పుకున్నారని వార్తలు. నా ప్రశ్న ఒక్కటే. ఇదంతా మన పన్నుల డబ్బుతోనా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. ప్రొఫెసర్ గారూ, మీతో మొదలుపెడదాం.

ప్రొఫెసర్: ఆ యూనివర్సిటీని మన నెత్తిన ఎవరూ రుద్దలేదండీ. 2005లో ఢాకా సదస్సులో మన ప్రధాని మన్మోహన్ సింగే ప్రతిపాదించారు. 2010లో క్లాసులు మొదలయ్యాయి. ఎనిమిది దేశాల...

మాజీ అధికారి: ఖర్చు చెప్పండి సార్, ఖర్చు!

ప్రొఫెసర్: వస్తున్నాను...

యాంకర్: నేనూ అదే అడుగుతున్నాను. ఎవరి డబ్బు?

ప్రొఫెసర్: మైదాన్ గఢీలో వంద ఎకరాల క్యాంపస్. భవనాల ఖర్చు మనదే. నడిపే ఖర్చులో కూడా పెద్ద వాటా మనదే. మిగతా దేశాలు తమ వాటా ఇవ్వాలి.

మాజీ అధికారి: ఇవ్వాలి! ఆ "ఇవ్వాలి" దగ్గరే ఉంది అంతా. ముప్పై ఏళ్ళు సర్వీసు చేశాను, నేను చెప్తాను వినండి. సార్క్ సదస్సు చివరిసారి ఎప్పుడు జరిగింది? 2014లో, కాఠ్మాండూలో. 2016లో కశ్మీర్‌లో ఉరీ సైనిక శిబిరం మీద దాడి జరిగాక, ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సదస్సుకి రామన్నాం, అంతే, ఆగిపోయింది. అసలు సంఘమే మంచం పట్టి ఉంటే దాని కాలేజీకి మనం పాలు పోసి పెంచాలా? మొన్న బంగ్లాదేశ్‌లో చూశారుగా, వాళ్ళ ప్రధాని షేక్ హసీనా హెలికాప్టర్ ఎక్కి వచ్చేయాల్సి వచ్చింది. అలాంటి చోటికి మన పిల్లలు ఫీల్డ్‌వర్క్‌కి పోతారా? అక్కడివాళ్ళు ఇక్కడికొచ్చి బోర్డర్ ఊళ్ళలో తిరుగుతారా?

(ఇక్కడ ఆయన రెండు నిమిషాలు ఆగలేదు. ఇదే మాట మరో మూడు రకాలుగా చెప్పారు కాబట్టి వదిలేశాను.)

పరిశోధకురాలు: నేనొక మాట...

యాంకర్: వస్తానమ్మా. సార్, అంటే ఇది డబ్బు దండగ అంటారా?

మాజీ అధికారి: దండగ అనలేదు. దండగ కంటే ప్రమాదం అంటున్నాను.

ప్రొఫెసర్: ప్రమాదమని తలుపులేసుకుంటే ఎలాగండీ? 2018లో ఢిల్లీలో ఆసియా అధ్యయనాల పెద్ద సదస్సు జరిగితే పాకిస్తానీ పండితులకు వీసాలు ఇవ్వలేదు. 2021 జనవరిలో, దేశ భద్రత, మన అంతర్గత విషయాల మీద ఆన్‌లైన్‌లో అంతర్జాతీయ సదస్సు పెట్టాలన్నా విదేశాంగ శాఖ అనుమతి కావాలన్నారు. గొడవయ్యాక ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారు. మన దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం దగ్గరే ఉంది. ఒకళ్ళ గురించి ఒకళ్ళకి తెలియకపోతే...

ఎగుమతిదారు: గుంటూరు మిర్చి బంగ్లాదేశ్‌కి పంపిస్తాం సార్. ఈ నెలలో బంగ్లాదేశ్ బోర్డర్‌లో పెట్రాపోల్ దగ్గర లారీలు ఆగిపోతే ఒక్క ప్రొఫెసరూ ఫోన్ చేయలేదు.

(నవ్వులు)

యాంకర్: బాగా చెప్పారు! ప్రొఫెసర్ గారూ, మిర్చి లారీకి పీహెచ్‌డీ ఏం పనికొస్తుంది?

ప్రొఫెసర్: మన ఆంధ్ర తీరంలోని పాత రేవు మోటుపల్లి చూడండి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు. ఇక అలా చేయం, సుంకం తప్ప ఏమీ తీసుకోం అన్నాడు.

యాంకర్: సుంకం! చూశారా, అక్కడ కూడా డబ్బే.

ప్రొఫెసర్: అయ్యా, నేను చెప్పింది...

యాంకర్: టైమ్ లేదు. అమ్మా, మీరు చెప్పండి. మీ స్కాలర్‌షిప్ ఎవరిస్తున్నారు?

పరిశోధకురాలు: ప్రభుత్వమే ఇస్తోంది సార్. నాది కశ్మీర్ కాదు, బర్మా.

మాజీ అధికారి: బర్మా సార్క్‌లోనే లేదు.

పరిశోధకురాలు: లేదండీ. బంగాళాఖాతం ప్రాంత దేశాల సంఘం బిమ్స్‌టెక్‌లో ఉంది. నేను అడుగుతున్నది మనవాళ్ళ గురించే. కాకినాడ, భీమిలి, విశాఖల్లో స్టీమర్ ఎక్కి రంగూన్ పోయారు. మా వైపు రంగం అంటాం. అక్కడ వాళ్ళని కోరంగీలు అన్నారు, మన కోరంగి రేవు పేరుతో. 1930లో రంగూన్ రేవులో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె ముగిశాక ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. అక్కడ మొదలైంది కొట్లాట, ఎంతోమంది...

యాంకర్: ఇందులో ఇప్పటి తెలుగువాడికి లాభం?

పరిశోధకురాలు: విశాఖ కంచరపాలెంలో, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళుండే బర్మా క్యాంపులో ఒక మామ్మ రేకుపెట్టె తెరిచి చూపించారు. అడుగున ఒక లుంగీ, దాని మడతలో బర్మా లిపిలో ఒక కాగితం. మడత దగ్గర చిరిగితే అన్నం మెతుకుతో అతికించారు. అది వాళ్ళ నాన్నది. మిల్లు కాగితమా, ఇల్లు కాగితమా ఆవిడకి తెలీదు. నాకూ చదవడం రాదు. చదవాలంటే నేను రంగూన్ పోవాలి, లేదా అక్కడి మనిషి ఇక్కడికి రావాలి. 2021 సైనిక కుట్ర తర్వాత...

మాజీ అధికారి: బర్మా అంటే గుర్తొచ్చింది, మా ఇంటి సింహద్వారం బర్మా టేకు! తొంభై ఏళ్ళయింది, చెద పట్టలేదు. ఇప్పుడు టేకు అని అమ్మేదంతా...

ఎగుమతిదారు: ఘనా టేకు సార్.

మాజీ అధికారి: ఘనా! చేవ ఉండదు. మా తాత రంగం నుంచి పంపించిన కర్ర అది.

పరిశోధకురాలు: మీ తాతగారు అక్కడ ఏం చేసేవారు సార్?

మాజీ అధికారి: మేస్త్రీ. కూలీలని తీసుకెళ్ళేవాడు... అది వేరే సంగతిలే అమ్మా.

పరిశోధకురాలు: వేరే కాదు సార్, నా రెండో అధ్యాయం మేస్త్రీల గురించే. ఊళ్ళో అడ్వాన్సులిచ్చి తీసుకెళ్ళేవాళ్ళు, అప్పు తీరేదాకా...

మాజీ అధికారి: అదిగో! చూశారా? మొదలైంది. నా తాతనే దోషిని చేస్తారు వీళ్ళు. ఆ యూనివర్సిటీలో జరిగిందీ ఇదే! మన తిండి తిని మన మీదే రాస్తారు!

పరిశోధకురాలు: నేను దోషి అనలేదు...

ప్రొఫెసర్: ఆ అమ్మాయిని చెప్పనివ్వండి!

(నలుగురూ ఒకేసారి. "భద్రత", "వీసా", "టేకు" అన్న మాటలు మాత్రం వినబడ్డాయి.)

యాంకర్: ప్లీజ్, ప్లీజ్. ముగించే టైమ్. ఒక్కొక్కరికి పది సెకన్లు. ప్రొఫెసర్ గారూ?

ప్రొఫెసర్: చదువుకి వీసా...

యాంకర్: థాంక్యూ. సార్, మీరు?

(ఆయనకు నిమిషంన్నర ఇచ్చారు. సార్క్, ఉరీ, బోర్డర్ ఊళ్ళు మళ్ళీ వచ్చాయి.)

యాంకర్: రెండు వైపులా విన్నారు. పొరుగువాళ్ళ చదువుకి మన డబ్బా? అవునంటే ఒకటి, కాదంటే రెండు, స్క్రీన్ మీద నంబరుకి పంపండి. నమస్కారం.

(సంగీతం. పేర్లు పడుతున్నాయి. మైకులు ఇంకా ఆపలేదు.)

మాజీ అధికారి: ఆ కాగితం ఫోటో ఉందా అమ్మా? నాకు పంపించు. మా బ్యాచ్‌లో ఒకడికి బర్మా భాష వచ్చు.