గయానా ఉన్నది దక్షిణ అమెరికాలో, ఆడేది వెస్టిండీస్‌కి. ఎందుకు?

2024 టీ20 వరల్డ్ కప్ సెమీఫైనల్లో మనవాళ్లు ఇంగ్లండ్‌ని 68 పరుగుల తేడాతో ఓడించారు, గుర్తుంది కదా. ఆ మ్యాచ్ ఏ ఖండంలో జరిగింది? వెస్టిండీస్‌లో అని ఆగిపోకండి. ఆ ప్రావిడెన్స్ స్టేడియం గయానాలో ఉంది, గయానా ఏమో దక్షిణ అమెరికాలో ఉంది. మ్యాప్ చూడండి, పడమర వెనిజులా, దక్షిణాన బ్రెజిల్, తూర్పున సూరినామ్. దీవి కానే కాదు.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఏంటంటే, పోటీ పరీక్షలకి చదివేవాళ్లు కూడా దక్షిణ అమెరికా, లాటిన్ అమెరికా రెండూ ఒకటే అనుకుంటారు. మెక్సికో లాటిన్ అమెరికా దేశమే, కానీ ఉన్నది ఉత్తర అమెరికాలో. గయానా దక్షిణ అమెరికాలోనే ఉంది, కానీ అధికార భాష ఇంగ్లిష్. లాటిన్ అమెరికా అంటే స్పానిష్, పోర్చుగీసు లాంటి భాషలు మాట్లాడే దేశాలు కాబట్టి మామూలుగా గయానాని అందులో కలపరు. ఖండాన్ని నేలని బట్టి విడదీస్తే ఒక మ్యాప్ వస్తుంది, ప్రభుత్వాలని బట్టి ఇంకొకటి, మనుషుల భాష, పండగలు, తిండిని బట్టి మూడోది. మూడింట్లో ఏదీ తప్పు కాదు, అడిగే ప్రశ్న వేరు, అంతే.

ముందు నేల. గయానా ఉన్నది గయానా షీల్డ్ అనే చాలా పురాతనమైన రాతి ప్రాంతం మీద. అది వెనిజులా, సూరినామ్, ఫ్రెంచ్ గయానా, ఉత్తర బ్రెజిల్ దాకా పరుచుకుని ఉంటుంది. రొరైమా అనే బల్లపరుపు కొండ మీద వెనిజులా, బ్రెజిల్, గయానా సరిహద్దులు మూడూ కలుస్తాయి. అంటే నేల లెక్కలో గయానా నూటికి నూరు శాతం దక్షిణ అమెరికాయే.

ఇప్పుడు జనం ఎక్కడున్నారో చూడండి, ఇదే అసలు విషయం. ఎక్కువమంది సముద్రం పక్కన సన్నటి తీరంలోనే ఉంటారు, లోపలంతా దట్టమైన అడవి. వెనిజులాకి నేరుగా రోడ్డు కూడా లేదు. రాకపోకలు ఎక్కువగా సముద్రం మీదే కాబట్టి అటు ట్రినిడాడ్, బార్బడోస్‌లతోనే సంబంధాలు పెరిగాయి. వాటిలాగే ఇక్కడా బ్రిటిష్ పాలన, చెరకు తోటలు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. బానిసత్వం రద్దయ్యాక 1838 నుంచి మన దేశం నుంచి కూలీలని ఒప్పందాల మీద ఓడల్లో తీసుకెళ్లారు, మద్రాసు రేవు నుంచి కూడా వెళ్లారు. ఇప్పుడు ఆ దేశ జనాభాలో దాదాపు 40 శాతం భారత సంతతివాళ్లే, హోలీకి, దీపావళికి దేశమంతా సెలవు. క్రికెట్ సంగతి సరేసరి, 1975, 1979 వరల్డ్ కప్‌లు గెలిచిన వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ పుట్టింది గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లోనే.

రాజకీయంగా చూసినా ఇంతే. కరీబియన్ దేశాల కూటమి క్యారికామ్ ప్రధాన కార్యాలయం జార్జ్‌టౌన్‌లోనే ఉంది. ఫుట్‌బాల్ కూడా బ్రెజిల్, అర్జెంటీనా ఉన్న సమాఖ్యలో కాదు, ఉత్తర అమెరికా, కరీబియన్ సమాఖ్యలో ఆడతారు. మరోపక్క ఎసెక్విబో ప్రాంతం, అంటే దేశంలో మూడింట రెండు వంతుల నేల, మాదే అని వెనిజులా పట్టుబడుతోంది. అంటే ఏ పొరుగుతో రాకపోకలు తక్కువో ఆ పొరుగుతోనే పెద్ద గొడవ.

టైమ్ అయిపోతోంది, ఇంకో రెండు ఉదాహరణలు గబగబా చెప్పేస్తా. పంపాస్ గడ్డిమైదానాల్లో పశువులు కాసే గౌచోల సంస్కృతి అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ మూడింట్లోనూ కనిపిస్తుంది. భాష స్పానిష్ నుంచి పోర్చుగీసుకి మారినా 'మాటే' అనే ఆకు టీ తాగే అలవాటు మారలేదు. ఇక్కడ సంస్కృతి నేలతో పాటే నడిచింది, గయానాలో సముద్రంతో నడిచింది. రెండోది ఫ్రెంచ్ గయానా. మన ఇస్రో ఉపగ్రహాలు ఎన్నో ఎగిరిన కౌరూ రాకెట్ కేంద్రం అక్కడే ఉంది. అది దేశం కాదు, ఫ్రాన్స్‌లో భాగం, యూరోలు చెల్లుతాయి. అందుకే ఫ్రాన్స్‌కి అన్నిటికంటే పొడవైన భూసరిహద్దు ఉన్నది బ్రెజిల్‌తో. సూరినామ్‌లో డచ్ వాళ్ల కథ ఇందులో పట్టలేదు, అది వచ్చే వీడియోలో.