చుక్క మీద నిలవని ఫోకస్: 70-300 టెలిఫోటో లెన్స్ రివ్యూ

నమస్తే అండి. ఈ లెన్స్‌ను కంపెనీ వాళ్లే రివ్యూ కోసం పంపించారు, డబ్బులేమీ ఇవ్వలేదు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికే చూసుంటారు, వాటి జోలికి వెళ్లను. పగటి ఫోటోలు చక్కగా వచ్చాయి, బరువూ తక్కువే. కానీ నేను దీన్ని తీసుకున్నది సిరియస్ కోసం. మన మృగవ్యాధుడు! రాత్రి ఆకాశంలో దాన్ని మించి వెలిగే నక్షత్రం లేదు.

గొడవంతా ఫోకస్ రింగ్‌తోనే. ఈ రింగ్ తిప్పితే అద్దాలు నేరుగా కదలవు, లోపలున్న మోటార్ కదుపుతుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పదింతలు జూమ్ చేసి, చుక్క సూదిమొనంత అయ్యేదాకా వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చున్నాను. కుదిరింది. ఒక్క నిమిషం వదిలేశాను, కెమెరా నిద్రలోకి జారుకుంది. లేపి చూస్తే చుక్క బఠాణీ గింజంత ఉబ్బి ఉంది! మళ్లీ మొదటికి. ఆ రాత్రి నాలుగుసార్లు ఇదే తంతు. నా పాత మాన్యువల్ లెన్స్‌కైతే ఫోకస్ కుదరగానే రింగ్ మీద టేప్ అంటించేవాడిని, తెల్లవార్లూ కదిలేది కాదు. ఇక్కడ టేప్ వేసినా లాభం లేదు. చివరికి కెమెరాలో ఆటో పవర్ ఆఫ్ తీసేశాను, బ్యాటరీ త్వరగా అయిపోయింది. మీ దగ్గరా ఇలాంటి లెన్సే ఉంటే ముందు ఆ సెట్టింగ్ చూసుకోండి.

షట్టర్ సంగతి. భూమి తిరుగుతుంది కదా, లెన్స్ పూర్తి జూమ్‌లో, 300 ఎం.ఎం. దగ్గర, ఒక సెకను తెరిచి ఉంచితే నా 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాలో సిరియస్ సుమారు అయిదు పిక్సెళ్లు జరిగిపోతుంది. 1/5 సెకను చాలు, ఇంత వెలుగున్న చుక్కకు అంతకంటే అక్కర్లేదు. ట్రైపాడ్ మీద చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. పక్కనున్న దాని జంట నక్షత్రం సిరియస్ బి ఫోటోలో పడుతుందా అంటే, పడదు. సిరియస్ దానికంటే దాదాపు పదివేల రెట్లు వెలుగుతుంది, ఆ వెలుగులోనే అది కలిసిపోతుంది.

నక్షత్రాల కోసమైతే ఈ లెన్స్ కొనొద్దు. అద్దాలు ఎంత బాగున్నా, పెట్టిన ఫోకస్ నిలవకపోతే నాకు పనికిరాదు. వెనక్కి పంపేస్తున్నాను.

ఒక్క ఫోటో మాత్రం దాచుకున్నాను. విసుగొచ్చి ఫోకస్ కొంచెం చెడగొట్టి, ఒక సెకను షట్టర్ తెరిచి, కెమెరాను చేత్తో గుండ్రంగా తిప్పాను. గాలి పొరల్లో సిరియస్ మిణుకుమనడం మొత్తం అందులో పడింది. ఇదిగో స్క్రీన్ మీద చూడండి, దండలో పూసల్లా ఎరుపు, దాని పక్కన నీలం, ఆ పక్కన పచ్చ.