గోడలో వదులైన స్క్రూ మళ్లీ గట్టిగా కూర్చోవాలంటే

నమస్తే అండి. ఈ షెల్ఫ్ బ్రాకెట్ చూడండి, చేత్తో పట్టుకుంటే ఇలా ఊగుతోంది. స్క్రూ తిప్పుతుంటే తిరుగుతూనే ఉంది, పట్టు మాత్రం దొరకట్లేదు. ఇలాంటప్పుడు చాలామంది పక్కన అగ్గిపుల్ల దూర్చి మళ్లీ బిగించేస్తారు. క్యాలెండర్ తగిలించడానికైతే పర్లేదు. షెల్ఫ్‌కి వద్దండి. బరువు పడేకొద్దీ ఆ పుల్ల నలిగిపోతుంది, మళ్లీ వదులవుతుంది. అసలు పాడైంది స్క్రూ కాదు, కన్నం. దాన్నే బాగుచేద్దాం.

బ్రాకెట్ తీసేద్దాం. ఇదిగో, వచ్చేసింది. ఇప్పుడు లోపలున్న పాత ప్లగ్, అంటే స్క్రూకి పట్టు ఇవ్వడానికి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం, తీయాలి. అదే స్క్రూని ఒట్టి ప్లగ్‌లోకి రెండు మూడు చుట్లు తిప్పండి, చాలు. ప్లయర్‌తో స్క్రూ తల పట్టుకుని తిన్నగా లాగండి. పక్కకి వంచకండి, ప్లాస్టర్ ఊడిపోతుంది. ఇలా... వచ్చింది.

ఈ ప్లగ్ చూడండి. మందం 6 ఎంఎం, పొడవు 30. గోడ మీద ప్లాస్టర్ 12 నుంచి 20 ఎంఎం దాకా ఉంటుంది అనుకోండి, అంటే ప్లగ్‌లో దాదాపు సగం, ఒక్కోసారి సగం పైనే ప్లాస్టర్‌లో ఉండిపోతుంది. ఇటుకలో ఉండేది ఈ చివర భాగం ఒక్కటే. స్క్రూ లోపలికి వెళ్లినప్పుడు ప్లగ్ విచ్చుకుని చుట్టూ నొక్కుతుంది కదా, ఆ ఒత్తిడికి ప్లాస్టర్ పొడిపొడి అవుతుంది. ఇటుక అయితే తట్టుకుంటుంది. అందుకే ఇప్పుడు 8 ఎంఎం ప్లగ్ వేస్తున్నాను. ఇది 40 పొడవు.

నేనైతే నైలాన్ ప్లగ్గులే వాడతాను. 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ తయారుచేసిన రకం ఇదే. పల్చటి ప్లాస్టిక్‌వి స్క్రూతో పాటు గిరగిరా తిరిగిపోతాయి. ఈ పక్కన చిన్న రెక్కలు కనిపిస్తున్నాయా? ప్లగ్ తిరగకుండా పట్టేవి ఇవే.

డ్రిల్ చేసే ముందు ఒక్క మాట. స్విచ్ బోర్డుకి తిన్నగా పైన, తిన్నగా కింద వైర్లు ఉండొచ్చు, అక్కడ డ్రిల్ పెట్టకండి. కళ్లజోడు పెట్టుకోండి. ఇది 8 ఎంఎం మేసనరీ బిట్, అంటే ఇటుక గోడకి కన్నం వేసే డ్రిల్ ముల్లు, చివరి నుంచి 50 ఎంఎం దగ్గర టేప్ చుట్టాను, అంతవరకే లోపలికి. డ్రిల్ గోడకి తిన్నగా ఉండాలి, మొదట నెమ్మదిగా. అయిపోయింది.

ఇప్పుడు అసలు పని. దుమ్ము. ఈ స్టెప్ దయచేసి దాటేయకండి. ప్లగ్ ఎంత మంచిదైనా, కన్నం గోడకీ దానికీ మధ్య ఈ మెత్తటి పొడి ఉంటే, క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లినట్టే, జారిపోతుంది. పైగా పొడి అడుగున పేరుకుంటే ప్లగ్ పూర్తిగా లోపలికి వెళ్లదు, చివర బయటికి పొడుచుకొస్తుంది. అప్పుడు సుత్తితో కొడతాం, ప్లగ్ తల చితికిపోతుంది. అందుకని సన్న బ్రష్ లోపల పెట్టి తిప్పండి, గాలి కొట్టండి. మళ్లీ బ్రష్, మళ్లీ గాలి. నోటితో ఊదకండి, మొత్తం కళ్లలోకే వస్తుంది. నొక్కితే గాలి వచ్చే చిన్న రబ్బరు బల్బు వాడండి, లేదంటే వాక్యూమ్ గొట్టం పెట్టండి. ఇంకోసారి... చూడండి, ఇంకా వస్తోంది! పొడి రావడం ఆగేదాకా చేయాల్సిందే.

ఇప్పుడు ప్లగ్. బొటనవేలితో సగం వెళ్లాలి, మిగతాది సుత్తితో మెల్లగా, గోడకి సమానంగా. బొటనవేలితోనే పూర్తిగా వెళ్లిపోయిందంటే కన్నం ఇంకా పెద్దగా ఉన్నట్టే. అప్పుడు ఎపాక్సీ పుట్టీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద, ఒకే రంగు వచ్చేదాకా పిసికి, కన్నంలో కూరి, అది మెత్తగా ఉండగానే ప్లగ్ దించండి. ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. తొందరపడి స్క్రూ బిగిస్తే పుట్టీ విరిగిపోతుంది.

స్క్రూ పొడవు ఇలా లెక్కేసుకోండి. ప్లగ్ 40, బ్రాకెట్ మందం 3, చివర ప్లగ్ దాటి బయటికి రావడానికి స్క్రూ మందమంత, అంటే 5. మొత్తం 48. కాబట్టి 5 ఎంఎం మందం, 50 పొడవు స్క్రూ. పొట్టిది వేస్తే ప్లగ్ చివర విచ్చుకోదు.

బోలు ఇటుకకీ జిప్సం బోర్డుకీ ఈ పద్ధతి పనికిరాదు, వాటికి వెనకవైపు విచ్చుకునే ప్లగ్గులు వేరే ఉన్నాయి. గీజర్ లాంటి బరువులకి యాంకర్ బోల్టులే వేయించండి.

బిగించడం చేత్తోనే, స్క్రూడ్రైవర్‌తో. డ్రిల్ మెషిన్‌తో బిగిస్తే ఎక్కడ ఆపాలో చేతికి తెలియదు. ఇక్కడ గట్టిపడింది... ఇంకో పావు చుట్టు, ఆపేయండి. బ్రాకెట్ పట్టుకుని ఇలా కిందికి లాగండి. కదలట్లేదు. రెండో బ్రాకెట్ కూడా ఇలాగే వేసి, పలక ఎక్కించేయడమే.